బ్లాక్ బెల్ట్ వేరు, స్కూల్ గేమ్ వేరు

"మా వాడు బ్లాక్ బెల్ట్ అండీ. స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుందా?"

ఇంటర్ ఫలితాలు వచ్చి కౌన్సెలింగ్ మొదలయ్యే రోజుల్లో ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. సూటిగా చెప్పాలంటే, ఒక్క బెల్ట్‌తో పని జరగదు. ఒక మాస్టారి దగ్గర, ఒక శైలిలో, పిల్లవాడు ఎంతవరకు నేర్చుకున్నాడో చెప్పే గుర్తు బెల్ట్. కోటా అడిగేది వేరు. ఏ పోటీలో ఆడాడు, ఆ పోటీ ఎవరు పెట్టారు, ఆ సంఘానికి గుర్తింపు ఉందా, పతకం జిల్లా స్థాయిదా, జాతీయ స్థాయిదా అని అడుగుతుంది. ఆరేళ్లు ఫీజులు కట్టి, తెల్లవారుజామున లేపి క్లాసుకి పంపిన తల్లిదండ్రులకి ఈ తేడా చివర్లో తెలుస్తుంది. బాధ అక్కడే.

తప్పు వాళ్లది కాదు. మన బడుల్లో "కరాటే" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు నడుస్తున్నాయి. ఒకటి, ఒళ్లు వంచే వ్యాయామం, క్రమశిక్షణ, బెల్ట్ ఎగ్జామ్. రెండోది ఆత్మరక్షణ. మూడోది పోటీ క్రీడ. స్కూల్ బ్రోచర్‌లో మూడూ ఒకే ఫొటో కింద ఉంటాయి. నిజానికి రెండోదీ మూడోదీ చాలాచోట్ల ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ఎంత ఎదురో చూడాలంటే 2021 ఆగస్టుకి వెళ్లాలి. టోక్యో ఒలింపిక్స్, కరాటే కుమితే (ఇద్దరు ముఖాముఖి తలపడే పోటీ), పురుషుల 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్. సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అప్పుడు అతని కాలు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే తలకి బలంగా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి మ్యాట్ మీద పడిపోయాడు. స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. రిఫరీలు మాట్లాడుకుని, అదుపు దాటి కొట్టినందుకు హమేదీని డిస్‌క్వాలిఫై చేశారు. బంగారు పతకం స్పృహ తప్పినవాడికి దక్కింది.

వీధిలో అయితే హమేదీ గెలిచినట్టే. ఆటలో ఓడిపోయాడు. రెండూ సరైన తీర్పులే. పోటీ కరాటేలో పిడిగుద్దుకి ఒక పాయింటు, పొట్ట మీద తన్నుకి రెండు, తల మీద తన్నుకి మూడు. అయితే ఆ తన్ను తలని చేరినట్టే ఉండి ఆగిపోవాలి. ఆపడమే నైపుణ్యం. ఆత్మరక్షణ క్లాసులో నేర్పేది దీనికి తలకిందులు: కళ్లలో పొడువు, మోకాలితో గట్టిగా తన్ను, కేకలు వెయ్యి, పారిపో. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి మూడు నెలల పాటు రాణీ లక్ష్మీబాయి పేరుతో నడిచే శిక్షణ ఈ రకం. అది మంచి పథకమే, కానీ అక్కడ పాయింట్లు, పతకాలు ఉండవు, ఉండకూడదు కూడా. మూడు నెలల శిక్షణ తీసుకున్న అమ్మాయిని నాలుగో నెలలో జిల్లా పోటీకి పంపితే ఆమె నేర్చుకున్న ప్రతి దెబ్బా ఫౌలే అవుతుంది.

కరాటే మొదటి నుంచీ బడి కోసం తీర్చిన విద్య కాదని, ఏదో గుహల్లో యోధులు దాచుకున్నదని మనలో చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే గురువు ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో దాన్ని బడుల్లోకి తీసుకొచ్చాడు. పెద్దవాళ్ల కటాలు, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికలు, పిల్లలకి కష్టమని, వాళ్ల కోసం పినాన్ అనే ఐదు చిన్న కటాలు కూర్చాడు. షోటోకాన్ శైలిలో వాటినే హెయాన్ అంటారు. ఇవాళ గుంటూరులోనో వరంగల్‌లోనో బడి గ్రౌండ్‌లో తెల్ల బెల్టు కట్టుకున్న పాప "హెయాన్ షోడాన్" అని అరిచి మొదలుపెట్టేది ఆ ఐదింట్లో ఒకటి. జూడోదీ అదే దారి. 1882లో కొడోకాన్ పెట్టిన జిగోరో కానో వృత్తిరీత్యా అధ్యాపకుడు. పాత జుజుత్సులో ఎముకలు విరిచే పట్లు పక్కన పెట్టి, చదువుకునే కుర్రాళ్లు రోజూ సాధన చేసినా మర్నాడు క్లాసుకి రాగలిగేలా దాన్ని మలిచాడు. బ్లాక్ బెల్ట్ ఆలోచన కూడా ఆయనదే, కరాటే దాన్ని తర్వాత అరువు తెచ్చుకుంది. పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ రంగులు మాత్రం జపాన్ నుంచి రాలేదు, జూడో యూరప్ చేరాక పుట్టాయి. కొత్తవాళ్లు మధ్యలో మానేయకుండా ఉండడానికి రంగుల మెట్లు బాగా పనిచేశాయి. మన దగ్గర ప్రతి మెట్టుకీ ఒక ఎగ్జామ్ ఫీజు కూడా తోడైంది.

ఇక పోటీ మెట్లు. బడి పిల్లలకి అసలైన నిచ్చెన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాది, మనందరం ఎస్‌జీఎఫ్ అనేది. 1954 నుంచి ఉన్న సంస్థ. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలు. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆ పైన జాతీయ పోటీలు. జూడో, తైక్వాండో, కుస్తీ, బాక్సింగ్, కరాటే, వుషు ఇందులో ఉన్నాయి. సీబీఎస్‌ఈ బడులు తమ పోటీలు వేరుగా పెట్టుకుని, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఒక రాష్ట్రంలాగా సొంత జట్టుతో వెళ్తాయి. కేంద్రీయ విద్యాలయాలదీ, నవోదయలదీ అదే పద్ధతి. 2018లో ఖేలో ఇండియా స్కూల్ గేమ్స్ వచ్చాయి, మరుసటి ఏడాదికి వాటి పేరు యూత్ గేమ్స్‌గా మారింది. జూడో, కుస్తీ, బాక్సింగ్‌లకి అక్కడా చోటుంది.

ఈ నిచ్చెన పక్కనే ఇంకో లోకం ఉంది. ఫంక్షన్ హాల్ టోర్నమెంట్లు. పెళ్లిళ్లు లేని ఆదివారం హాలు మాట్లాడతారు. నీలం, ఎరుపు మ్యాట్‌లు పజిల్ ముక్కల్లా అతికించి నాలుగు కోర్టులు వేస్తారు. ఫ్లెక్సీ మీద "నేషనల్ లెవెల్", ఒక్కోసారి "ఇంటర్నేషనల్ ఓపెన్" అని ఉంటుంది. నేపాల్ నుంచో శ్రీలంక నుంచో నలుగురు వస్తే చాలు. వయసు, బరువు, బెల్టు రంగు, కటా, కుమితే అని విభాగాలని చీల్చుకుంటూ పోతే ఒక్కో విభాగంలో ముగ్గురో నలుగురో మిగులుతారు. ఒక బంగారం, ఒక వెండి, రెండు కంచు. అంటే బరిలో నలుగురుంటే నలుగురికీ పతకం. సాయంత్రానికి సంచులు ఖాళీ అవుతాయి, మర్నాడు జిల్లా పేజీలో "జాతీయ కరాటే పోటీల్లో మన విద్యార్థుల ప్రతిభ" అని ఫొటో పడుతుంది. ఇదంతా మోసమని నేను అనను. స్టేజి భయం పోవడానికి, నలుగురిలో ఓడి గెలవడానికి పిల్లలకి అది మంచి ఆదివారమే. ఆ సర్టిఫికెట్‌ని ఎస్‌జీఎఫ్ సర్టిఫికెట్‌తో సమానమని చెప్పినప్పుడే పేచీ.

అసలు జాతీయ సంఘం ఏదో తేలకపోవడం ఈ గందరగోళానికి వేరు. తైక్వాండోకి ప్రపంచంలోనే రెండు పెద్ద సంస్థలున్నాయి. 1966లో పుట్టిన ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్) ఒకటి, 1973లో పుట్టి ఇప్పుడు వరల్డ్ తైక్వాండోగా పిలిచేది ఇంకొకటి. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో ఆడేది రెండోదాని నియమాలతోనే. దాని బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్ కొరియాలోని తైక్వాండో కేంద్రం కుక్కివోన్ నుంచి వస్తుంది, 15 ఏళ్లలోపు పిల్లలకి పెద్దల బ్లాక్ బెల్ట్ హోదా "డాన్" కాకుండా పిల్లల హోదా "పూమ్" ఇస్తారు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు పదేళ్ల పిల్లవాడి బ్లాక్ బెల్ట్‌ని చూసి మరీ అంత మురిసిపోరు. కరాటేది ఇంకా చిక్కు. కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపుని భారత ఒలింపిక్ సంఘమూ, ప్రపంచ కరాటే సమాఖ్యా 2020లో తీసేశాయి. తర్వాత ఇంకో సంస్థ ముందుకొచ్చింది. కింద రాష్ట్రాల్లో, జిల్లాల్లో మాత్రం "అసలు సంఘం మాదే" అనేవాళ్లు తగ్గలేదు. ఒలింపిక్స్‌లో కరాటే టోక్యోలో ఒక్కసారి కనిపించి పోయింది, 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడల పాలన చట్టం తెచ్చింది, సంఘాల తగాదాలు తేల్చడానికి ట్రైబ్యునల్ పెట్టాలని అందులో ఉంది. తగవులు తేలేలోపు ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్ల పదో తరగతికి వచ్చేస్తుంది.

అందుకే బడి యాజమాన్యం నన్నడిగితే పోటీ కోసం జూడో, కుస్తీ, తైక్వాండోల్లో ఒకటి ఎంచుకోమంటాను, కరాటేని వ్యాయామంగా ఉంచుకోమంటాను. కరాటే మాస్టార్లకి ఈ మాట నచ్చదు. కానీ నిచ్చెన తిన్నగా ఉన్నది ఆ మూడింటికే.

ఇంతకీ అసలు భయపడాల్సింది సర్టిఫికెట్ గురించి కాదు, తల గురించి. ఇందులో జపాన్ అనుభవం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మార్షల్ ఆర్ట్స్‌ని బడిలో అంత విస్తారంగా నడిపిన దేశం ఇంకోటి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓటమి తర్వాత అమెరికా ఆక్రమణ అధికారులు బడుల్లో ఈ విద్యల్ని నిషేధించారు. 1950లో జూడోకి మళ్లీ అనుమతి వచ్చింది. 2012 నుంచి మిడిల్ స్కూళ్లలో జూడో, కెండో, సుమో లాంటి విద్యల్లో ఏదో ఒకటి అందరికీ తప్పనిసరి చేశారు. సరిగ్గా ఆ సమయంలో నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన ఉచిదా ర్యో అనే పరిశోధకుడు పాత ప్రమాదాల రికార్డులు తిరగేసి ఒక లెక్క బయటపెట్టాడు. 1983 నుంచి మూడు దశాబ్దాలకి కాస్త తక్కువ కాలంలో బడి జూడోలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. క్లాసుల్లో కన్నా బడి తర్వాత నడిచే జూడో క్లబ్బుల్లోనే ఎక్కువ. చనిపోయినవాళ్లలో కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు ఎక్కువమంది.

ఎలా జరుగుతుందో చూడండి. ఒసోతోగారి అనే పట్టు ఉంది. ఎదుటివాడి ఛాతీని వెనక్కి నెట్టి, మన కాలితో అతని కాలిని వెనక నుంచి కోసినట్టు లేపేస్తాం. అతను వెల్లకిలా పడతాడు. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో మ్యాట్‌ని చరిచి దెబ్బని పంచుకోవడం ఉకెమి. ఇది ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది. మెడ బలం లేని కొత్త పిల్లవాడు గడ్డం ఆనించడం మర్చిపోతే తల వెనక్కి ఊగుతుంది. తల నేలకి తగలకపోయినా సరే, ఆ ఊపుకి మెదడు మీది సన్నని రక్తనాళాలు తెగి రక్తం కారవచ్చు. పిల్లవాడు లేచి నిలబడతాడు. "తలనొప్పిగా ఉంది సార్" అంటాడు. "ఏం కాదులే, ఆడు" అంటే ఆ రెండో పడటం ప్రాణం మీదకి తెస్తుంది.

విషయం బయటికొచ్చాక జపాన్ జూడో సమాఖ్య మేల్కొంది. కొత్త పిల్లలకి పడటం నేర్పాకే పట్లు, తలనొప్పి అంటే వెంటనే ఆపడం, కోచ్‌లకి శిక్షణ అని నియమాలు పెట్టింది. మరణాలు బాగా తగ్గాయి. జపాన్ కన్నా ఎక్కువ మంది జూడో ఆడే ఫ్రాన్స్‌లో జూడో నేర్పడానికి ప్రభుత్వ డిప్లొమా ఉండాలి. ఇక్కడ మన సంగతి అడగక్కర్లేదు. పీఈటీ పోస్టుకి వ్యాయామ విద్యలో అర్హత చూస్తారు, వారానికి రెండు రోజులు బయటి నుంచి వచ్చే మాస్టారి చేతిలో ఏముందో చాలా బడులు చూడవు. పటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌లో జూడో, కుస్తీ, బాక్సింగ్ కోచింగ్ డిప్లొమాలున్నాయి. అడిగితే చాలామంది మాస్టార్లు తమ బెల్ట్ సర్టిఫికెట్ చూపిస్తారు. బాగా కొట్టగలగడమూ, పిల్లలకి జాగ్రత్తగా నేర్పగలగడమూ ఒకటి కావు.

జపాన్ 2022లో ఇంకో పని చేసింది, మన దగ్గర దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రైమరీ స్కూల్ ఐదు, ఆరు తరగతుల పిల్లల జాతీయ వ్యక్తిగత జూడో పోటీని సమాఖ్య రద్దు చేసింది. పిల్లల వల్ల కాదు, పెద్దల వల్ల. గెలుపు కోసం చిన్నపిల్లల చేత బరువు తగ్గించడం, తల్లిదండ్రులు రిఫరీల మీద అరవడం, కోచ్‌లు తిట్టడం పెరిగిపోయాయని కారణం చెప్పింది. జూడో పుట్టిన దేశమే ఆ వయసుకి జాతీయ ఛాంపియన్ అక్కర్లేదు అనుకుంది. మన ఫంక్షన్ హాళ్లలో ఆరేళ్లలోపు విభాగం కూడా ఉంటుంది!

బరువు తగ్గించడం అన్న మాట వచ్చింది కాబట్టి. కుస్తీ, జూడో, తైక్వాండో అన్నింట్లో బరువు విభాగాలుంటాయి, చిన్నవాడు పెద్దవాడి చేతిలో నలిగిపోకూడదని. మంచి ఉద్దేశమే. అయితే 43 కిలోల పిల్లవాడు 41లోకి దిగితే గెలుపు తేలికని కోచ్‌కి తెలుసు. రెండు రోజులు అన్నం మానడం, నీళ్లు తాగకపోవడం, ఎండలో స్వెటర్ వేసుకుని పరుగెత్తడం మొదలవుతాయి. అమెరికాలో 1997లో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా బరువు దించుతూ చనిపోయారు. ఆ దెబ్బకి నియమాలు మారాయి. ఇప్పుడు అక్కడి హైస్కూల్ కుస్తీలో సీజన్ మొదట్లో మూత్రపరీక్ష చేసి ఒంట్లో నీరు సరిపడా ఉందో చూస్తారు. ఒంట్లో కొవ్వు అబ్బాయిల్లో 7 శాతం కన్నా, అమ్మాయిల్లో 12 శాతం కన్నా తగ్గేంత కింది బరువు విభాగంలోకి దిగనివ్వరు. వారంలో ఒంటి బరువులో ఒకటిన్నర శాతానికి మించి తగ్గకూడదు. మన మండల స్థాయిలో మూత్రపరీక్షలు ఎవరూ పెట్టలేరు, ఒప్పుకుంటాను. కానీ జూన్‌లో బడి తెరిచినప్పుడు హెల్త్ కార్డులో రాసిన బరువు, పోటీ రోజు బరువు పక్కపక్కన పెట్టి చూడటానికి ఖర్చేమీ లేదు. ఎదిగే వయసులో మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గిన పిల్లవాడిని ఆడించకూడదు.

ఖర్చు ఎక్కడుందంటే మ్యాట్‌ల్లో ఉంది. కబడ్డీకి సున్నంతో గీతలు గీస్తే కోర్టు తయారు. ఖోఖోకి రెండు కర్రలు చాలు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఆ రెండు ఆటలు బతికుండటానికి ఇదొక పెద్ద కారణం. కుస్తీకి తొమ్మిది మీటర్ల వలయం, దాని చుట్టూ మెత్తటి హద్దు కావాలి. తైక్వాండోకి ఎనిమిది మీటర్ల కోర్టు, పిల్లలకి హెల్మెట్, ఛాతీ కవచం, పళ్ల గార్డు, ముంజేతి, ముంగాలి గార్డులు. పైస్థాయి పోటీల్లో సెన్సర్లున్న కవచాలు వాడతారు, తన్ను తగిలిన వెంటనే స్క్రీన్ మీద పాయింటు పడుతుంది. ఛాతీకి మామూలు తన్నుకి రెండు, గిర్రున తిరిగి తన్నితే నాలుగు, తలకి మూడు, తిరిగి తన్నితే ఐదు. కింది స్థాయిలో ఆ కవచం ఎప్పుడూ తొడుక్కోని పిల్ల రాష్ట్ర పోటీలో మొదటిసారి తొడుక్కుంటే, బాగా తన్నానని తనకి అనిపిస్తుంది గానీ సెన్సర్ ఒప్పుకోదు. సిటీ అకాడమీ పిల్లలకీ ఊరి బడి పిల్లలకీ తేడా ప్రతిభలో కన్నా ఇక్కడ ఎక్కువ కనబడుతుంది. బడికో సెట్టు కొనలేకపోతే మండలానికో మ్యాట్, రెండు కవచాల సెట్లు ఒక బడిలో పెట్టి, శనివారం మధ్యాహ్నాలు చుట్టుపక్కల పిల్లల్ని అక్కడికి తీసుకురావచ్చు.

మనవైన విద్యల సంగతేంటి అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. తాలింఖానాలు, కుస్తీ గోదాలు, కర్రసాము మన ఊళ్లలో మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. వీరఘట్టం నుంచి వచ్చి దేశమంతా పేరు మోసిన కోడి రామమూర్తి విజయనగరంలో బడి పిల్లలకి వ్యాయామం నేర్పిన మాస్టారే. 2022లో పంచ్‌కులాలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో పంజాబ్ గట్కా, కేరళ కలరిపయట్టు, మణిపూర్ థాంగ్-టా చేరాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగినప్పుడు వాళ్ల కర్రసాము అయిన సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టించుకున్నారు. మన కర్రసాము ఇంకా దసరా ఊరేగింపుల దగ్గరే ఉంది. గొప్పతనం లేక కాదు. ఎంత పొడవు కర్ర, తగిలితే ఎన్ని పాయింట్లు, తలకి ఏ రక్షణ, రిఫరీ ఎవరు అనేది శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా ఒకేలా రాసి పెట్టినవాళ్లు లేకపోవడం వల్ల. నియమావళి ఉంటేనే పోటీ. సిలంబం వాళ్లు ఆ కాగితం పని ముందు చేశారు.

వయసుల విషయంలో నా లెక్క చెబుతాను, ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు. ఐదో తరగతి దాకా ముఖాముఖి పోటీ వద్దు. పడటం, దొర్లడం, కటా, పట్టుకుని తోసుకునే ఆటలు చాలు. ఆరు నుంచి ఎనిమిది దాకా బడుల మధ్య స్నేహపూర్వక పోటీలు, తలకి దెబ్బ పూర్తిగా నిషేధం. తొమ్మిది నుంచి ఎస్‌జీఎఫ్ నిచ్చెన. అండర్-14 విభాగం ఉందని పదకొండేళ్ల పిల్లని అందులో దింపాలని రూలేమీ లేదు. ఆడపిల్లల బ్యాచ్ ఉంటే మహిళా టీచరు ఒకరు క్లాసు మొత్తం అక్కడే ఉండాలి. పట్లు నేర్పే ఆటల్లో ముట్టుకోకుండా నేర్పలేరు, కాబట్టి ఇది మాస్టారి మీద అనుమానం కాదు, బడి బాధ్యత.

ఇక ఎంట్రీ గురించి. పిల్లవాడు బయట ఎంత పెద్ద అకాడమీలో సాధన చేసినా ఎస్‌జీఎఫ్‌కి పేరు వెళ్లేది బడి తరఫునే. పుట్టిన తేదీ ధ్రువీకరించి హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర వేసిన ఫారం కావాలి. సెలక్షన్ తేదీలు మండలం నుంచి ముందుగా చేరేది పీఈటీకి. అకాడమీ వాట్సాప్ గ్రూపులో వచ్చే "నేషనల్స్" మెసేజ్ కోసం ఎదురుచూస్తూ ఈ తేదీ దాటిపోనిచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. పదో తరగతి పిల్లలకైతే అండర్-17 కింద ఆ ఏడాది పోతే, ఇంటర్‌లో అండర్-19కి వెళ్లి తమకన్నా రెండేళ్లు పెద్దవాళ్లతో తలపడాలి.